ముగ్గిన సీసాలు

హోటల్ కోర్సు చదివి గల్ఫ్‌కి బయల్దేరే పిల్లలు ఎవరి దగ్గరో నా నెంబరు పట్టుకుని ఫోన్ చేస్తుంటారు. వైన్ సర్వీసులో చేరితే పైకి రావచ్చా అంకుల్ అని అడుగుతారు. రావచ్చు నాయనా అంటాను. పైకి రావడానికి ఏం కావాలో కాలేజీలోనే చెప్పి ఉంటారు కాబట్టి నేను చెప్పను. కిందికి దిగడానికి ఎంత చాలో మాత్రం చెబుతాను. నాకైతే ఒక జ్వరం, ఒక తెలుగు మాట సరిపోయాయి.

నాది కోనసీమ. చర్చి కుటుంబం. మా ఇంట్లో మందు అంటే జ్వరానికి వేసుకునేది మాత్రమే. అలాంటి ఇంట్లోంచి వెళ్ళి మస్కట్‌లో ఒక పెద్ద హోటల్ రెస్టారెంట్లో వైన్లు చూసే మనిషినయ్యాను. నోట్లో పోసుకోవడం, పుక్కిలించడం, ఉమ్మేయడం, అంతే. మింగింది లేదు. ఈ మాట ఎవరూ నమ్మేవారు కాదు. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఆ రోజు చర్చి ప్రార్థనకి వచ్చే నర్సమ్మలు, జేబులో కార్కులు బయట పెట్టి రండి బ్రదర్ అని ఏడిపించేవారు. వాళ్ళతో కలిసి నవ్వేది మా ఆవిడే. ఆవిడా నర్సే, మస్కట్‌కి బస్సు దూరంలో ఉన్న రుస్తాఖ్ ఊళ్ళో ఆసుపత్రిలో పని.

ఇక్కడొక సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాదంతా మీకు వట్టి ఉద్యోగం గొడవలా ఉంటుంది. పెళ్ళయిన నాటి నుంచి నేనొక దేశం, ఆవిడొక దేశం. నేను దుబాయిలో ఉన్నప్పుడు ఆవిడ సౌదీలో, నేను ఒమాన్ వచ్చేసరికి ఆవిడ కువైట్‌లో. సెలవులు కలిస్తే ఇంటి దగ్గర చుట్టాల్లా కలుసుకునేవాళ్ళం. ఆవిడకి రుస్తాఖ్‌లో పని దొరికాకనే మేమిద్దరం ఒకే దేశంలో ఉండటం. సెలవు రోజు బస్సెక్కి వెళితే సాయంత్రం దాకా కూర్చుని ఆవిడ వండింది తినొచ్చు. ముసలితనం దగ్గర పడ్డాక దొరికిన కాపురం అది. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

మా రెస్టారెంట్ల మీద అధికారి ఒక గ్రీకు దేశపు ఆవిడ. క్రీటు ద్వీపంలో పుట్టి పెరిగిన మనిషి. నవ్వు తక్కువ, నడక ఎక్కువ. మస్కట్ హోటళ్ళలో ఎక్కడ చూసినా ఫ్రాన్సు, ఇటలీ సీసాలే ఉంటాయనీ, తమ ఊరి వైన్‌ని ఎవరూ పట్టించుకోరనీ ఆవిడకి ఎప్పటి నుంచో కడుపుమంట. చివరికి లైసెన్సున్న దిగుమతి కంపెనీని ఒప్పించి, తమ పక్క ఒక పెద్దాయన చేసే ఎర్ర వైన్ కొన్ని పెట్టెలు తెప్పించింది. మస్కట్‌లోనే ఘాలా అనే పేటలో ఆ కంపెనీ గోడౌన్‌కి వెళ్ళి వాటిని నేనే తీసుకొచ్చాను. మా స్టాఫ్ రూములూ ఘాలాలోనే కాబట్టి ఆ వీధులు నాకు అలవాటే.

ఆ వైన్ రెండు రకాల ద్రాక్షల కలయిక. రెండూ ఆ ద్వీపానివే, బయట పెద్దగా పండవు. ఒకటి కొత్సిఫాలి. మెత్తన, తియ్యటి పండు వాసన దండిగా ఉంటుంది కానీ రంగు నిలవదు. రెండోది మందిలారియా. రంగు సిరాలా నలుపు, నోట్లో పెడితే పచ్చి అరటికాయ కొరికినట్టు వగరు. విడివిడిగా రెండింటికీ లోపమే, కలిపితే మాత్రం పండిన ప్లమ్ పండు, ఎండిన మూలికలు కలిసిన మంచి వాసన. ఈ పేర్లు మా తెలుగు కుర్రాళ్ళ నోట్లో రెండో రోజుకే కోటిపల్లి, మందులమారి అయిపోయాయి. ఒకసారి మేడమ్ ముందే వాళ్ళలో ఒకడు "కోటిపల్లి ఎక్కువ, మందులమారి తక్కువ" అన్నాడు. వీడు గ్రీకు నేర్చుకుంటున్నాడనుకుని ఆవిడ సంతోషపడింది.

ఆ వైన్‌తో ఒక విందు పెట్టాలని ఆవిడ అనుకుంది. పెద్దాయన కూడా క్రీటు నుంచి వస్తాడు. హోటల్ పెద్దలు, ఊళ్ళోని గ్రీకువాళ్ళు కొందరు వస్తారు. వాళ్ళకి నచ్చితే రంజాన్ అయ్యాక మా జాబితాలోకి ఆ వైన్ ఎక్కుతుంది. రంజాన్ నెలంతా మద్యం సర్వీసు ఉండదు కాబట్టి విందు దానికి ముందే అయిపోవాలి.

సరిగ్గా అప్పుడు నాకు జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో అందరికీ వచ్చిన జ్వరమే. తగ్గింది, లేచాను, డ్యూటీకి వెళ్ళాను. వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. నీళ్ళకైనా ఏదో ఒక వాసన ఉంటుంది, దీనికి అదీ లేదు. నోట్లో పోసుకుంటే పులుపు తెలిసింది, వగరు తెలిసింది, పండు మాత్రం ఎక్కడా లేదు. కోటిపల్లి పోయి మందులమారి ఒక్కతే మిగిలింది నాకు.

ఇక నా తిరుగుడు మొదలైంది. కూర్చుంటే కాళ్ళు ఆడేవి, నిలబడితే ముక్కు ఆడేది. దారిన పోతూ దొరికిన ప్రతిదాన్నీ వాసన చూసేవాణ్ణి. గ్యారేజీల ముందు డీజిల్, రూమ్‌లో సబ్బు, లాబీలో వేసే సాంబ్రాణి పొగ, అన్నీ ఒకటే. పొగ మీద ముఖం పెట్టి కళ్ళు మండించుకుంటుంటే గెస్టు ఒకాయన సెక్యూరిటీని పిలిచాడు. రుస్తాఖ్‌లో వేడినీటి ఊట దగ్గర ఆవిరి పీల్చమని మా ఆవిడ తీసుకెళ్ళింది. ఆవిరి ముఖానికి తగిలింది కానీ ముక్కుకి తగల్లేదు. వస్తుందిలెండి, కొందరికి ఆలస్యమవుతుందంతే అని ఆవిడ నర్సు గొంతుతో చెప్పింది. ఆ గొంతు రోగుల దగ్గర వాడేదని నాకు తెలుసు.

మేడమ్‌కి చెప్పేశాను. దాచి చేసే పని కాదది. నా కాంట్రాక్టు అయిపోవస్తోంది, వయసు దాటిందని ఆఫీసు వాళ్ళు అప్పటికే గునుస్తున్నారు. ఆవిడ రాసిస్తే ఇంకో రెండేళ్ళు ఉంటాను, లేకపోతే టికెట్టు చేతిలో పెడతారు. మా ఆవిడ కాంట్రాక్టేమో ఇంకా రెండేళ్ళుంది. నేను విజిట్ వీసా మీద వచ్చి రూమ్‌లో ముడుచుకుని కూర్చునే మనిషిని కాను. మేడమ్ అంతా విని, విందు బాగా జరిగితే రాసిస్తాననీ, పాడైన సీసాలు బల్లకి వెళ్ళకుండా ఎలా ఏరతావో అది నీ పని అనీ చెప్పి వెళ్ళిపోయింది.

మా వైన్ గది పక్కనే టీ, కాఫీ ప్యాంట్రీ. అక్కడ కడప మనిషి ఒకాయన ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. లాబీలో ఖర్జూరాలతో ఇచ్చే ఒమానీ కాఫీ ఆయన చేతిదే. ఏలకుల డబ్బా మూత తియ్యగానే ఈ సరుకు పాతదని చెప్పేసేవాడు. నా కంటే చిన్నవాడైనా నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన అన్నా అనేవాడు. వైన్ సీసా ముట్టుకునేవాడు కాదు. ట్రేలో ఖాళీ గ్లాసున్నా పక్కకి జరిగేవాడు. నేనెప్పుడూ దాని గురించి ఆయనతో పరాచికాలాడలేదు.

రోజూ నేను వెళ్ళి ఆయన కాఫీ డబ్బాలో ముక్కు పెట్టడం, తల అడ్డంగా ఊపుకుంటూ రావడం ఆయన చూస్తూనే ఉన్నాడు. విందుకి ముందు రోజు ఆయనే కదిపాడు.

"అన్నా, రేపు నేను వాసన జూసి చెప్తా. గ్లాసు నువ్వే పట్టుకోవల్ల. నేను ముట్టను."

వద్దు భాయ్, నీకెందుకీ ఇబ్బంది అన్నాను. అన్నానే కానీ గట్టిగా అనలేదు. నీకు ఒంట్లో బాగలేకుంటే నీ పక్కన ఉండేటోడు నేనే కదా అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

విందు సాయంత్రం మేడమ్ పెద్దాయన్ని తీసుకురావడానికి వెళ్ళింది. బార్‌లో ఉన్నవాడు రోజంతా సిగరెట్లు పీల్చే మనిషి, వాడి ముక్కుని నమ్మలేం. నేను సీసాలు తెరిచి, ఒక్కో దాంట్లోంచి గ్లాసులో కాస్త పోసి, ప్యాంట్రీ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి భాయ్ ముక్కు కింద పట్టుకున్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కసారి పీల్చి ముఖం తిప్పేసేవాడు. చాలావాటికి "బాగుండాది, పండు వాసన" అన్నాడు. మధ్యలో ఒకటి పట్టుకుంటే ముక్కు చిట్లించి, "ఇది ముగ్గినాది అన్నా" అన్నాడు. తర్వాత ఇంకో రెండింటికీ అదే మాట.

నా గుండె పొంగిపోయింది. మా గోదావరి పక్క అరటిగెల కొట్టి, గోనె కప్పి, పొగబెట్టి ముగ్గేస్తారు. ముగ్గిన పండంటే లోపలిదాకా పండిన పండు, గది తలుపు తియ్యగానే వాసన ఎదురొస్తుంది. పండు వాసన ఉన్న వైన్లు ఎన్నో ఉంటాయి, ముగ్గిన పండు వాసన రావడం అదృష్టం. ముక్కు చిట్లించాడేమిటంటారా, వైన్ అంటేనే ఆయనకి చిట్లింపు కదా అనుకున్నాను. ఆ మూడు సీసాల మెడలకి తెల్ల రుమాలు కట్టి, పెద్దాయన కూర్చునే బల్లకని విడిగా పెట్టాను. భాయ్ అప్పటికే సింకు దగ్గర నిలబడి ముక్కులోకి నీళ్ళు ఎక్కించి చీదుతున్నాడు. మళ్ళీ మళ్ళీ కడుగుతూనే ఉన్నాడు. అది చూసి నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, కానీ అప్పటి హడావుడిలో నిలబడి ఆలోచించలేదు.

పెద్దాయన పొట్టి మనిషి. సూటు వేసుకున్నా చేతులు మాత్రం తోటమాలివే, గోళ్ళ చుట్టూ నల్లటి గీతలు. పక్కన మేడమ్, అటు హోటల్ పెద్దలు. నేను రుమాలు కట్టిన సీసా ఎత్తి, ఆయన గ్లాసులో పోసి నిలబడ్డాను. ఆయన గ్లాసు తిప్పి ముక్కు పెట్టాడు. పెట్టి, గ్లాసు బల్ల మీద దించేశాడు. మేడమ్ కూడా వాసన చూసి నా వంక చూసింది. నేను చిరునవ్వుతో, బాగా పండిన పండు మేడమ్ అని ఇంగ్లీషులో చెప్పాను.

కార్కు పాడైంది, మార్చు అని ఆవిడ పెదవులు కదలకుండా అంది. మార్చాను. రెండో రుమాలు సీసా పట్టుకొచ్చి పోశాను. పెద్దాయన మళ్ళీ వాసన చూశాడు. ఈసారి ఆయన ముఖంలో రక్తం లేదు. తన వైన్ ఇంత దూరం వచ్చి, ఇంతమంది ముందు, ఒకదాని వెంట ఒకటి చెడిపోయి కనిపిస్తోంది. మొత్తం సరుకే చెడిందేమోనని ఆయన భయం. ఆయన చెయ్యి బల్లగుడ్డ అంచుని నలుపుతోంది. హోటల్ పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నాకేమీ అర్థం కాలేదు. ఒక్క క్షణం అని చెప్పి ప్యాంట్రీకి పరిగెత్తాను.

భాయ్ పాలు కాస్తున్నాడు. ముగ్గిందన్నావు కదయ్యా, వాళ్ళేమో చెడిందంటున్నారు అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"చెడిందనే కదన్నా చెప్పినా. ముగ్గినాదని మూడుసార్లు చెప్పినా."

"ముగ్గితే చెడడమేంటి భాయ్? పండు కదా ముగ్గేది?"

"పండు మాగుతాది. ముగ్గేది బియ్యం. వానలో తడిసిన గోనె ముగ్గుతాది. అట్లా వాసనే అది."

అప్పుడు తెలిసింది. వాళ్ళ పక్క పండు ముగ్గదు, మాగుతుంది. వాళ్ళకి ముగ్గు వాసన అంటే గాలి తగలని మూల బియ్యం బస్తాకి వచ్చే వాసన, ఆరని బట్టకి వచ్చే వాసన. చెడిన కార్కు వైన్‌కి అంటించేది సరిగ్గా ఆ వాసనే. ఆయన ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. మంచివాటిని మంచివన్నాడు, చెడ్డవాటిని చెడ్డవన్నాడు. నేను ఏరి ఏరి చెడ్డవాటికే రుమాళ్ళు కట్టి ముఖ్యమైన బల్లకి తీసుకెళ్ళాను. మామూలు బల్లల దగ్గర అందరూ హాయిగా మంచి వైన్ తాగుతున్నారు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి, మేమిద్దరం చూడనే లేదు.

మామూలు సీసాల్లోంచి ఒకటి పట్టుకుని పరిగెత్తాను. పెద్దాయన ఈసారి గ్లాసుని చాలాసేపు తిప్పాడు, ముక్కు పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఒక గుటక మింగి, మేడమ్‌తో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూడటం అరుదు. విందు నిలబడింది. వైన్ జాబితాలోకి ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే మేడమ్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ముగ్గడానికీ మాగడానికీ తేడా ఇంగ్లీషులో చెప్పడానికి నేను పడ్డ పాట్లు మీకు చెప్పినా అర్థం కాదు. అరటిపండు బొమ్మ వేశాను, బియ్యం బస్తా బొమ్మ వేశాను. వాళ్ళ ద్వీపంలోనూ ఇటు ఊరి మాట అటు ఊరికి తిట్టవుతుందట. కోప్పడలేదు. తర్వాత అసలు సంగతికి వచ్చింది. ముక్కు లేని మనిషిని వైన్ దగ్గర రెండేళ్ళు ఉంచమని రాస్తే ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరు. కానీ ఆ కాఫీ మనిషి రంజాన్ తర్వాత రోజూ నీ పక్కన నిలబడి వాసన చూసేటట్టయితే రాసిస్తాను, అతన్ని అడిగి మధ్యాహ్నానికల్లా చెప్పు అంది.

మెట్లు దిగుతూ ఎంత తేలికైపోయానో! రెండేళ్ళు. మా ఆవిడ కాంట్రాక్టు అయ్యేదాకా. తర్వాత ఇద్దరం ఒకే విమానంలో పోవచ్చు. ఎవరికీ నష్టం లేదు, ఒకాయన రోజుకి కాసేపు గాలి పీల్చాలి, అంతే అనుకున్నాను.

ప్యాంట్రీలో ఆయన గ్లాసులు తుడుస్తున్నాడు. మేడమ్ అన్నది చెప్పాను. ఎంత మామూలుగా చెప్పాలని చూసినా నా గొంతులో ఆశ ఆయనకి వినపడే ఉంటుంది. ఆయన తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు. పైకెత్తి వెలుతురులో చూసి, మళ్ళీ తుడిచాడు.

"నువ్వు చెప్తే చేస్తా అన్నా," అన్నాడు చివరికి. "వదినమ్మ ఈడ ఒక్కతే అయిపోతాది కదా."

నా వంక చూడకుండా అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నాతో ముఖం చూడకుండా మాట్లాడటం అదొక్కసారే. ఒకసారి చేసింది సాయం. రోజూ చేస్తే అది ఆయన డ్యూటీ అవుతుంది. ఈ మనిషి ప్రతిరోజూ చేతులు వెనక్కి కట్టుకుని, నా కాపురం కోసం కళ్ళు మూసుకుని నిలబడాలి. సరే అనడానికి నాకు ఒక్క మాట చాలు. అది నోటి చివరిదాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, చాలా గట్టిగా వచ్చింది.

ఉండు భాయ్, మేడమ్‌తో మాట్లాడి వస్తానని పైకి వెళ్ళాను. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. లోపలికి వెళ్ళి, అతను ఒప్పుకోలేదు మేడమ్ అని చెప్పాను. ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. కిందికి వచ్చి భాయ్‌తో, ఆఫీసు వాళ్ళే కుదరదన్నారట, వయసు అడ్డమొచ్చిందట అని చెప్పాను. అయ్యో అన్నాడు. బాధపడ్డాడు. కానీ ఆ వెంటనే బరువేదో దించుకున్నట్టు ఆయన భుజాలు సడలడం నేను చూశాను. అది చూశాక నాకు ఇంకేం అనుమానం లేకపోయింది. దుఃఖం మాత్రం ఉంది.

ఆ శుక్రవారం రుస్తాఖ్ వెళ్ళాను. మా ఆవిడ చేపల పులుసు పెట్టి వడ్డించింది. పులుపు తెలిసింది, కారం తెలిసింది. తింటూ తింటూ జరిగిందంతా చెప్పాను. ఆవిడ గరిటె గిన్నెలోనే వదిలేసి వింది.

"ఆయన చేస్తానన్నాడా?" అంది.

అన్నాడన్నాను.

"మీరే కాదన్నారా?"

అవునన్నాను. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఎండిన కొండలు తప్ప ఏమీ కనపడవు. ఏడుస్తోందని తెలుసు. నేనూ లేవలేదు, లేస్తే ఇద్దరం నిలవలేం. తర్వాత ముఖం తుడుచుకుని వచ్చి, నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

"ఆయనతో మాత్రం ఎప్పుడూ అనకండి ఈ మాట," అంది.

అనలేదు. కాంట్రాక్టు అయ్యి నేను ఊరికి వచ్చేసినా ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, పండగలకి ఫోన్ చేసి ఆ ఆఫీసు వాళ్ళని తిడుతుంటాడు. మీలో ఎవరైనా ఆ హోటల్లో చేరి, ప్యాంట్రీలో ఆయన చేతి కాఫీ తాగితే, మీరూ అనకండి.